లియోంగ్ ఇంటి ఖో ఆడమనిషి

ఇవాళ కాకపోతే మళ్ళీ ఏడాదికే. చైనావాళ్ళు పెద్దల సమాధులు శుభ్రం చేసుకునే చెంగ్ బెంగ్ రోజుల్లో తప్ప సమాధి రాయి మీద ఉలి పెట్టకూడదు, మిగతా ఏడాదంతా అందులో పడుకున్నవాళ్ళని కదిలిస్తే ఊరుకోరని ఈ కొండ మీదికి వచ్చే ప్రతివాళ్ళకీ తెలుసు. డెబ్బై దాటిన మనిషి మళ్ళీ ఏడాది అని ఏ ధైర్యంతో అనుకుంటుంది? సెంగ్ అనుకోలేదు. పొద్దున్నే బస్సెక్కి వచ్చి, మొగుడి సమాధి చుట్టూ మొలిచిన గడ్డి పీకేసి, కమలాపళ్ళు పేర్చి, మట్టిదిబ్బ మీద రంగు కాగితాలు పరిచి వాటి మీద గులకరాళ్ళు పెట్టి, ఇప్పుడు అరుగు మీద మోకాళ్ళు చాపుకుని కూర్చుంది. రాళ్ళు చెక్కే ఖియాన్ తొమ్మిదింటికి వస్తానన్నాడు. వాడి తొమ్మిది ఎప్పుడవుతుందో వాడికే తెలియదు. కొడుకూ కోడలూ ఆడబిడ్డా పదింటికల్లా వచ్చేస్తారు. వాళ్ళు వచ్చేలోపు పని మొదలైపోవాలని ఆమె పంతం. పేరు చెక్కించుకోవాలి. ఈ రాయి మీద, తన పేరు, తను చూస్తుండగా. ఇది ఎవరినీ అడిగి చేసే పని కాదు, అడిగితే అయ్యే పని అంతకన్నా కాదు.

రాయి మీద రెండు వరసలున్నాయి. ఒకటి మొగుడిది, ఇంటిపేరు, పేరు, పుట్టిన ఊరు, అన్నీ బంగారు రంగులో. రెండోది తనది, ఎర్రరంగులో. ఎరుపంటే మనిషి ఇంకా బతికే ఉందని, పోయాక దాన్నీ బంగారం చేస్తారు. పన్నెండేళ్ళుగా ఏటా వచ్చి తన చోటు తను చూసుకుని పోతోంది. మొదట్లో నవ్వొచ్చేది, బస్సులో రుమాలు వేసి ఆపుకున్న సీటులా ఉందిరా అని కొడుకుతో అంటే వాడు తిట్టాడు. ఇంతకీ ఆ ఎర్రక్షరాలు చెప్పేది ఏమిటంటే, లియోంగ్ ఇంటి ఖో ఆడమనిషి. అంతే. ఖో వాళ్ళింట్లో పుట్టింది, లియోంగ్ వాళ్ళింటికి వచ్చింది. వచ్చిందెవరన్నది రాయికి అక్కర్లేదు. పక్క సమాధీ అంతే, పై వరసా అంతే, కొండ నిండా ఎవరెవరి ఇళ్ళవో ఆడమనుషులు. అలా రాయడమే మర్యాద, అలా రాయడమే ఆచారం, కింద ఎవరో టపాకాయల దండ అంటించారు, చెవులు దిమ్మెక్కిపోయాయి, పొగ మెల్లగా పైకి వస్తోంది, మరి ఆ మర్యాదని ఇన్నేళ్ళూ తనూ మోసింది కదా, నోరెత్తలేదు కదా, ఇప్పుడు కొత్తగా ఏమొచ్చింది? ఏమొచ్చిందంటే, టోఫూ అక్క పోయింది.

చౌరస్తా బజారులో తన చేపల బల్ల పక్కనే అక్క టోఫూ బల్ల. కళ్ళు తెరిస్తే ఆ మొహం, సామాను సర్దుకునేటప్పుడు ఆ మొహం, ఒకే ప్లాస్టిక్ కప్పులో కాఫీ, ఒకరి పిల్లలకి ఒకరు చెంపదెబ్బలు, ఒకరి మొగుణ్ణి ఒకరు తిట్టుకోవడం, ఒక బతుకంతా అలా పక్కపక్కనే నిలబడి గడిపేశారు. పోయిన నెల అక్క పోయింది. దినాల పందిట్లో ఎవరో రాయి చెక్కేవాడు వచ్చి, అమ్మగారి పేరు ఏ అక్షరమండీ అని అడిగాడు. ముగ్గురు కొడుకులూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గుర్తింపు కార్డు తెచ్చి చూస్తే అందులో ఇంగ్లీషు ముక్కల్లో హోంగ్ అని ఉంది. ఏ హోంగ్? గాలా? సువాసనా? ఆకాశంలో ఎగిరే ఆ దేవపక్షా? ఇంగ్లీషు ముక్కల్లో అన్నీ ఒకటే, చైనా అక్షరాల్లో దేని దారి దానిది. పెద్దవాడు సెంగ్ వైపు తిరిగి, మీకు తెలిసుంటుంది కదా పిన్నీ అన్నాడు. తెలియదు. ఆమెకీ తెలియదు. అక్కా అని పిలిస్తే పలికిన మనిషిని ఇంకేం అడుగుతాం? సరేలెండి, ఇంటిపేరు వేసి ఆడమనిషి అని పెట్టేస్తాను, అలా పెట్టడమే పద్ధతి కూడానూ అని రాయి చెక్కేవాడు కాఫీ తాగి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి సెంగ్‌కి ఏడుపు రాలేదు, భయం వేసింది. చావంటే వేసే భయం కాదు.

తన కార్డులోనూ ఇంగ్లీషు ముక్కలే. ఖో సెంగ్. మర్నాడు అన్నాల దగ్గర కొడుకుని అడిగింది, ఒరేయ్ మున్ కిట్, నా పేరంటే ఏమిట్రా అని. వాడు మలయ్ బడిలో చదువుకున్నాడు, ఇంగ్లీషులో ఉద్యోగం చేస్తాడు, చైనా అక్షరాలు వాడికి పిల్లిగీతలు. ముద్ద మింగి, కాసేపు ఆలోచించి, గెలుపు కదూ అన్నాడు. ఎంత నమ్మకంగా అన్నాడో. ఆమెకి నవ్వొచ్చింది. వాడి తప్పేముంది, అమ్మ పేరు నోటితో అనకూడదని తనే నేర్పింది, అనకూడని పేరు ఎలా రాస్తారో వాడెందుకు నేర్చుకుంటాడు? తను పోతే వాడు గెలుపు అనే చెక్కిస్తాడు, లేకపోతే ఏదీ చెక్కించడు. గెలవడానికి తను ఏ పందెంలో దిగింది గనక. గెలుపు కాదురా, ఆ ఊసే కాదు.

రెండు పురుళ్ళు పోయాక పుట్టింది తను. జపాన్ వాళ్ళ కాలం, బియ్యం ఎక్కడా లేదు, కర్రపెండలం ఉడకబెట్టుకు తిని అమ్మకి పాలు పడలేదు, ఇదీ నిలవదని మంత్రసాని మొహం మీదే చెప్పి పోయిందట. రేవులో మూటలు మోసే నాన్నకి వచ్చినవి గుప్పెడు అక్షరాలు. వాటిల్లోంచి ఒకటి ఏరి, పొగాకు చుట్టిన కాగితం మీద బొగ్గుతో రాసి ఉయ్యాలకి అంటించాడు. పేరు కాదే అది, నీకిచ్చిన ఆర్డరు అనేవాడు తర్వాత నవ్వుతూ. బతుకు అని. తాగిన టీ బల్ల మీద ఒలకబోసి వేలితో రాసి చూపించేవాడు, ఇదుగో ఇక్కడ ఎడమకి వాలిన చిన్న గీత, ఆ పక్కన అడ్డంగా ఒకటి, దాని కింద ఇంకొకటి, ఇప్పుడు పైనుంచి నిలువుగా ఒకటి, చివరికి అడుగున నేల. మట్టిలోంచి మొలక పైకి వచ్చింది చూశావా? టీ ఆరిపోయేది, మొలక పోయేది, మళ్ళీ ఒలకబోసేవాడు, అమ్మ తిట్టేది. బడి గడప తొక్కని సెంగ్ ముందు నేర్చుకున్నది ఆ అక్షరమే. చాలా రోజులు ఆ ఒక్కటే వచ్చు. గోడల మీద, సబ్బు డబ్బాల మీద, మందుల షాపు బోర్డు మీద అది కనబడితే చాలు, నాన్నా నేను అని అరిచేది. నిజంగా ఎక్కడ చూసినా ఉండేది మరి. పుట్టినరోజులో అదే, వ్యాపారంలో అదే, చదువుకునే పిల్లల్ని పిలిచే మాటలోనూ అదేనట.

చోటు మారితే మాత్రం దాని గొంతు మారిపోతుంది. హొక్కియెన్ అనే చైనా యాస మాట్లాడే వాళ్ళ ఇంట్లో పేరుగా పిలిస్తే సెంగ్, అదే అక్షరాన్ని పిల్లని కనడం అన్నప్పుడు ముక్కుతో సే అంటారు, ఉడకని మాంసం అన్నప్పుడు ఛే అంటారు, నాన్న ఒక్కడి నోట్లోనే అది మూడు విధాలుగా పలికేది. పెళ్ళయి కాంటనీస్ యాసవాళ్ళ ఇంట్లో కాలు పెట్టాక సాంగ్ అయింది. పేరు అడిగి రాయించి చూసి అత్తగారు మూతి తిప్పి, పేరుకి తగ్గట్టే ఉంది, పచ్చి సరుకు, ఉడకడానికి చాలా కట్టెలు పడతాయి అంది. పచ్చి అన్నా కొత్తమనిషి అన్నా వాళ్ళకి అదే మాట. ఆడబిడ్డ నోరు నొక్కుకుని నవ్వింది. ఎంత మంట పుట్టిందో ఒంట్లో. ఆ రాత్రి మొగుడు, పచ్చివే రుచి, మా వాళ్ళకి తెలీదు అన్నాడు, మూగవాడిలా ఉండే మనిషి జన్మలో వేసిన ఒకే ఒక్క జోకు. ఇదుగో ఇక్కడే పడుకున్నాడు, బంగారు రంగులో. నీ పేరు చూసి చదవగలిగిన వాళ్ళెవరైనా నిన్ను పిలవగలరు, నన్నెలా పిలుస్తారు చెప్పు, ఖో ఆడమనిషీ అనా? పక్కన పాతుకున్న గొడుగు నీడ జరిగిపోయింది. కమలాపండు మీద చీమలు పట్టాయి, ఊది పారేసి దాన్ని ఇటు తిప్పి పెట్టింది.

చేపల బల్ల దగ్గరికి ఎవరెవరు రాలేదు గనక! పెన్షను తీసుకుని ఇక్కడే స్థిరపడిపోయిన జపాన్ ముసలాయన వారానికి ఒకసారి వచ్చి, పచ్చిగా తినే చేప కావాలని, నమ అని అడిగేవాడు. బల్ల అంచున సుద్దతో ఆమె తన పేరు రాసి ఉంచేది. దాన్ని చూసి, ఇదీ నమయే, కానీ మనిషి పేరులో ఉంటే ఏమని చదవాలో మా వాళ్ళకే తెలియదమ్మా, ఒక్కో ఇంట్లో ఒక్కో రకం, తల్లిని అడగాల్సిందే అన్నాడు. వాళ్ళ హోటల్లో బీరు పోస్టరు మీద కూడా ఆ అక్షరమే ఇంత పొడుగున ఉంటుందట, తాజాగా పట్టిన బీరని. తన పేరు బీరు గ్లాసు మీదికి ఎక్కిందని టోఫూ అక్క వారం రోజులు ఏడిపించింది. ఓ కొరియా పెద్దాయన అరచేతిలో రాసి చూపించి, సేంగ్ అన్నాడు, తన బల్ల మీది చేపల్ని చూపించి సేంగ్‌సన్ అన్నాడు, చేపన్నా వాళ్ళకి నువ్వే అంది అక్క, ఇక నిన్నే కిలో ఎంతని అడుగుతారు. తర్వాత మున్ కిట్ వియత్నాం పిల్లని పెళ్ళాడి తెచ్చాడు. ల్వాన్‌కి ఈ అక్షరాలు చదవడం రాదు, వాళ్ళ దేశంలో వాటిని వదిలేసి చాలా కాలమైంది. పుట్టినరోజు కేకు కోసేటప్పుడు సెంగ్ తన భాషలో పుట్టినరోజు అంటే ఆ పిల్ల ఉలిక్కిపడి, మేమూ అదే అంటాం అత్తయ్యా, సిన్ న్యాత్ అంది. కేకు మీద మొదటి అక్షరం చూపించి అత్త తన గుండెల మీద వేలు పెట్టుకుంటే, సిన్, మీ పేరు సిన్ అని చప్పట్లు కొట్టింది. పెళ్ళినాటి తర్వాత ఆ ఇంట్లో ఆమె పేరేమిటో తెలుసుకున్నది ఆ పిల్ల ఒక్కతే. ఇందరు ఇన్ని రకాలుగా పిలిచినా సెంగ్‌కి ఎప్పుడూ చిరాకు వెయ్యలేదు. సముద్రం అటూ ఇటూ ఎవరి నోరు వాళ్ళది, రాసే గీతలు మాత్రం నాన్న టీ ఒలకబోసి రాసినవే. రాయి పలకదు. ఎవరొస్తే వాళ్ళు తమ నోటితో చదువుకుంటారు. అందుకే రాతి మీద కావాలి తనకి, ఇంకెక్కడా వద్దు.

"పెద్దమ్మా! పొద్దున్నే వచ్చి కూర్చున్నారా? మీ చోటు ఎవరూ ఎత్తుకుపోరులెండి." ఖియాన్ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి సంచీ దించాడు. సంచీలో ఉలులూ సుత్తీ ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి.

"చోటు సంగతి కాదురా, పేరు సంగతి. ఇదుగో, ఆడమనిషి అన్నదాని కింద బెత్తెడు ఖాళీ ఉంది. అక్కడ చెక్కు."

వాడు అరచెయ్యి రాతి మీద ఆనించి కొలిచాడు, తల గోక్కున్నాడు. "చెక్కడానికేం, చిటికెలో పని. మీ అబ్బాయి ఊ అనాలి కదా. రేపు నా షాపు ముందుకొచ్చి మా అమ్మ రాయి ఎందుకు పాడుచేశావంటే నేనేం చెప్పను?"

"బతికున్నదాన్ని నేను. ఆ ఎరుపు కనబడట్లేదూ నీకు?"

"కనబడుతోంది. ఇంకో మాట అంటాను, కోప్పడకండి. సమాధి మీద బతుకు అని చెక్కితే చూసినవాళ్ళు నవ్వరూ?"

"నవ్వనీరా. ఏడ్చేవాళ్ళు ఎలాగూ వస్తారు."

ఖియాన్ కూడా నవ్వేశాడు, ఉలి మాత్రం చేతిలోకి తీసుకోలేదు. బీడీ వెలిగించుకుని సమాధి అంచున కూలబడ్డాడు. వీడు కొడుకు వచ్చేదాకా కదలడు. వేడుకుందామా? వేడుకోను. డబ్బు ఎక్కువిస్తానందామా? అదీ అనను. నా పేరుకి నేను లంచమివ్వాలా? సెంగ్ దవడలు బిగించి రాయినే చూస్తూ కూర్చుంది. కింద మలుపులో కొడుకు కారు ఆగింది, ల్వాన్ దిగి సెంగ్ ఆడబిడ్డ, పెద్ద వదిన చెయ్యి పట్టుకుంది, ఎనభై అయిదేళ్ళ మనిషి ఒక్కో మెట్టు ఎక్కుతుంటే ఆవిడ నోరు ఆవిడ కన్నా ముందే పైకి వస్తోంది. మొదలవ్వకముందే వచ్చేశారు. సరే, రానీ. వాళ్ళ ఎదురుగానే అవుతుంది.

వదినకి సంగతి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. సంచీ చూసింది, ఖియాన్‌ని చూసింది, సెంగ్ మొహం చూసింది.

"ఏమే సాంగ్, మతిగానీ పోయిందా? ఆడదాని పేరు రాతి మీద ఏమిటే, షాపు బోర్డులాగా? మా అమ్మ ఆ పై వరసలో పడుకుంది, వెళ్ళి చూడు. లియోంగ్ ఇంటి యిప్ ఆడమనిషి. ఆవిడ అడిగిందా పేరు? మా అమ్మకి అక్కర్లేనిది నీకొచ్చిందేం?"

"అత్తయ్య పేరేమిటి వదినా?"

అడగాలని అడగలేదు, నోట్లోంచి వచ్చేసింది. వదిన నోరు తెరిచింది. పై వరసకేసి చూసింది, చేతిలో అగరొత్తుల కట్టకేసి చూసింది. "అమ్మ," అంది చివరికి. "అమ్మ పేరు అమ్మే. ఇంకేముంటుంది." అని గిర్రున అటు తిరిగి, సర్ది ఉన్న కమలాపళ్ళని మళ్ళీ సర్దడం మొదలుపెట్టింది. సెంగ్‌కి జాలేసింది. ఆ ముసలి వీపుని అలా చూడలేకపోయింది. అయినా ఇక్కడిదాకా వచ్చి ఆగేది లేదు.

మున్ కిట్ గొంతు తగ్గించాడు. "అమ్మా, నలుగురూ చూస్తున్నారు. వచ్చే ఏడు చేద్దాం. బాబాయిలతో ఓ మాటనుకుని..."

"వచ్చే ఏడు నేను లేకపోతే ఏ అక్షరం చెక్కిస్తావురా? గెలుపా?"

ల్వాన్ మొగుడికేసి వింతగా చూసింది. "గెలుపేమిటండీ? సిన్ కదా. పుట్టడం, బతకడం. మీకు తెలీదా?"

తెలీదు వాడికి. అందరి ముందూ తేలిపోయింది. వాడి చెవులు ఎర్రబడ్డాయి, చిన్నప్పుడు చేపపొట్టులో కాలు పెట్టి జారిపడ్డప్పుడు ఇలాగే అయ్యేవి, ఎత్తుకుందామనిపించింది, ఎత్తుకోలేదు. సెంగ్ మోకాళ్ళు పట్టుకుని లేచింది. ఖియాన్ సంచీలోంచి ఉలీ సుత్తీ తనే తీసింది. ఎంత బరువో ఆ సుత్తి. అయితేనేం, బారెడు చేపల తలలు ఒక్క వేటుకి తెగ్గొట్టిన చెయ్యి. వాలుగీత ముందు. నాన్న చెప్పిన వరసే. ఉలి రాతికి ఆనించి కొట్టింది. చేప ఎముక వేరు, రాయి వేరు. ఉలి జారింది, గీత పక్కకి పోయింది, అంచున పెచ్చు లేచి పడింది. ఆమె మళ్ళీ ఆనించింది. మళ్ళీ కొట్టింది. ఈసారి ఇంకా వంకర.

"అయ్యయ్యో! ఆగండి పెద్దమ్మా, ఆగండి! రాయి ఖరాబు చేసేస్తున్నారు!" ఖియాన్ బీడీ పారేసి పరుగున వచ్చాడు. మున్ కిట్ ఊ అంటాడా అని చూసే ఓపిక కూడా ఖియాన్‌కి లేకపోయింది. "ఇలా ఇవ్వండి. ఇంత అన్యాయంగా ఎవరైనా రాతిని కొడతారా?" అని ఉలి లాక్కుని, మోకాళ్ళ మీద కూర్చుని, టకటకా మొదలుపెట్టాడు. అడ్డం. ఇంకో అడ్డం. పైనుంచి నిలువు. రాతిపొడి ఎగిరి కమలాపళ్ళ మీద పడుతోంది, వదిన తుడవడం లేదు, ఒక్కో దెబ్బకీ ఆవిడ భుజం ఉలికిపడుతోంది. అడుగున నేల. సెంగ్ ఊపిరి బిగబట్టి చూసింది. ఆమెకి సంతోషం వేసింది, సిగ్గులేకుండా, గట్టిగా, ఎవరేమనుకుంటే నాకేం అన్నంత సంతోషం.

"ఆ మొదటి గీత కూడా నున్నగా చేసేస్తానుండండి," అన్నాడు ఖియాన్.

"వద్దు. దాన్ని ముట్టుకోకు."

వాడు గొణుక్కుంటూ ఎర్రరంగు డబ్బా మూత తీసి, గీతల్లో నింపి, తుడిచి, పక్కకి జరిగాడు. మున్ కిట్ వచ్చి రాతి ముందు గొంతుక్కూర్చున్నాడు, పెదాలు కదిపాడు, పైకి అనలేదు, చూపుడువేలితో గాల్లో ఆ అక్షరం ఒకసారి రాసుకున్నాడు, తప్పుపోతే మళ్ళీ రాసుకున్నాడు. వదిన ఎప్పుడు వచ్చి వెనక నిలబడిందో ఎవరూ చూడలేదు. ఆవిడకి చదువు రాదు.

"ఏదే? ఇందులో నువ్వేది?"

సెంగ్ ఆవిడ వేలు పట్టుకుని, గీతల వెంబడి నడిపించింది. రంగు ఇంకా తడిగా ఉంది. వదిన ఎర్రబడ్డ వేలికొస కళ్ళ దగ్గరగా పెట్టుకుని చూసుకుంది. తర్వాత ల్వాన్ అందించిన చెయ్యి తోసేసి, తనంతట తనే పై వరసకి మెట్లెక్కింది. వాళ్ళమ్మ రాతి ముందు నిలబడి, యిప్ ఆడమనిషి అన్నదాని కిందికి ఆ వేలు చాపింది. చాపిన వేలితో ఏం రాయాలో తెలియక అలాగే నిలబడిపోయింది.

సెంగ్ వెనకే వెళ్ళింది. మోకాళ్ళు కలుక్కుమన్నాయి, లెక్కచెయ్యలేదు. పక్కన నిలబడి, "అత్తయ్య పుట్టింటివాళ్ళు ఇపోలో ఎవరో ఉండాలి కదూ వదినా? వెళ్ళి అడుగుదాం," అంది.

వదిన వేలు తుడుచుకోలేదు.

"ఇపో కాదు, తైపింగ్," అంది. "అమ్మ చెల్లెలి కూతురు ఒకత్తె ఉండేది. నాకన్నా పెద్దది." ఎవరితోనో దెబ్బలాడుతున్నట్టు గట్టిగా అంది. "ఉంటుంది. ఉండి తీరాలి."